మూగ ఓదార్పు

శ్రీరాముడు అరణ్యవాసానికి బయలుదేరిన నాడు అయోధ్య ఎలా ఉన్నదో వాల్మీకి మహర్షి వర్ణించాడు. ఆ రోజు గృహస్థులు వంట చేసుకోలేదు. అగ్నిహోత్రాలు వెలగలేదు. ఏనుగులు నోటికందిన కబళాలను జారవిడిచాయి. ఆవులు తమ దూడలకు పాలివ్వలేదు. సీతారామలక్ష్మణులను గంగాతీరంలో దింపి సుమంత్రుడు వెనుదిరిగినప్పుడు రథానికి పూన్చిన గుర్రాలు వేడి కన్నీరు కారుస్తూ ముందుకు అడుగు వేయలేదు. ఒక రాజ్యం మొత్తానికి వచ్చిన దుఃఖాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు ఆదికవి మనుషుల కన్నీటితో ఆగిపోలేదు. వారి శాలలలో, కొట్టాలలో ఉన్న ప్రాణులను కూడా మనకు చూపించాడు. కాళిదాసు శకుంతలను అత్తవారింటికి పంపే ఘట్టంలో ఆమె చేతి మేత తిని పెరిగిన లేడిపిల్ల వెనుక నుండి ఆమె చీర చెరగు పట్టుకొని లాగుతుంది. ఎందుకు వెళుతున్నదో, ఎక్కడికి వెళుతున్నదో దానికి తెలియదు. వెళుతున్నదని మాత్రం తెలుసు.

ఇవి కేవలం కవుల భావనలేనా? తన యజమాని దుఃఖాన్ని పెంపుడు జంతువు నిజంగా గ్రహిస్తుందా? గ్రహిస్తే ఏ విధంగా గ్రహిస్తుంది? దేశమంతా శోకంలో మునిగినప్పుడు, ఆ శోకకారణం తెలియని ఒక మూగజీవి మనిషిని ఎలా ఊరడించగలుగుతుంది? ఈ ప్రశ్నలకు ఇటీవలి కాలంలో శాస్త్రజ్ఞులు కొన్ని సమాధానాలు చెప్పారు. వాటిని తెలుసుకోవడానికి మన కాలపు ఒక మహావిషాదాన్ని ఉదాహరణగా తీసుకొందాం.

2001 సెప్టెంబరు 11, మంగళవారం. ఉగ్రవాదులు అమెరికాలో నాలుగు ప్రయాణిక విమానాలను హైజాక్ చేశారు. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు మొదటి విమానం న్యూయార్కు నగరంలోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర భవనాన్ని ఢీకొన్నది. 9 గంటల 3 నిమిషాలకు రెండవ విమానం దక్షిణ భవనాన్ని ఢీకొన్నది. మూడవ విమానం రక్షణశాఖ కేంద్ర కార్యాలయమైన పెంటగన్‌పై పడింది. నాలుగవది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పొలాలలో కూలిపోయింది. 110 అంతస్తుల జంట భవనాలు రెండూ రెండు గంటలలోపే నేలమట్టమయ్యాయి. ఆనాటి దాడులలో 2,977 మంది అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ దృశ్యాలను ప్రపంచమంతా టెలివిజన్‌లో చూసింది. అమెరికాలో బంధువును పోగొట్టుకొన్న కుటుంబమే కాదు, ఎవరినీ పోగొట్టుకోని కుటుంబం కూడా ఆ వారం నిద్ర లేకుండా గడిపింది.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకొందాం. ఆ ఇంట్లో ఒక కుక్క ఉన్నది. దానికి దేశమంటే ఏమిటో తెలియదు. విమానం, భవనం, ఉగ్రవాదం అనే మాటలకు దాని లోకంలో అర్థం లేదు. టెలివిజన్ తెరపై పదే పదే కూలుతున్న కట్టడం దానికి వెలుగునీడల కదలిక మాత్రమే. కాని ఆ ఇంట్లో ఏదో మారిందని దానికి తెలుసు. ఉదయం వ్యాహ్యాళికి తీసుకువెళ్లవలసిన మనిషి కుర్చీలో నుండి లేవలేదు. రోజూ గలగల మాట్లాడే గొంతు సన్నబడింది. అడుగుల చప్పుడులో వేగం తగ్గింది. ఒంటి వాసన మారింది. సాయంకాలం ఇంటికి రావలసిన మరొక మనిషి రాలేదు. కుక్క వాకిలి వైపు చూస్తుంది, కుర్చీ వైపు చూస్తుంది. చివరకు కుర్చీ దగ్గరకు వచ్చి, కూర్చున్న మనిషి పాదాలపై తల ఆనించి పడుకొంటుంది. ఆ దేశపు దుఃఖంలో దానికి అందిన భాగం అంతే. దాని దృష్టిలో కూలినది భవనం కాదు, తన మనిషి.

ఈ చిత్రం ఊహించినదే అయినా ఇందులోని అంశాలు ఊహలు కావు. జంతువు మన దుఃఖాన్ని మాటల ద్వారా కాక దేహం ద్వారా చదువుతుంది. అందులో మొదటి సాధనం ఘ్రాణేంద్రియం. మనిషి ఆందోళన చెందినప్పుడు శరీరంలో జరిగే రసాయనిక మార్పులు చెమటలోను, ఊపిరిలోను ప్రతిఫలిస్తాయి. ఉత్తర ఐర్లండులోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఈ విషయాన్ని పరీక్షించారు. 36 మంది చేత కష్టమైన లెక్కను వేగంగా చేయించి, దానికి ముందూ తరువాతా వారి చెమట, ఊపిరి నమూనాలను సేకరించారు. శిక్షణ పొందిన నాలుగు కుక్కలు ఆందోళనకు సంబంధించిన నమూనాను సుమారు 94 శాతం సందర్భాలలో సరిగా గుర్తించాయి. ఆ మనుషులను అవి అంతకుముందు చూడలేదు. ముఖం చూడకుండా, గొంతు వినకుండా, వాసన మాత్రం చేత మనసులోని ఒత్తిడిని పట్టుకోగలిగాయన్న మాట.

రెండవ సాధనం చూపు. జపానుకు చెందిన అజాబు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో ఒక ఆసక్తికరమైన విషయాన్ని ప్రకటించారు. తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఆమె శరీరంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఆత్మీయతా బంధాన్ని బలపరచడంలో దానికి పాత్ర ఉన్నది. కుక్కా, దాని యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు కొంతసేపు చూసుకొన్నప్పుడు ఇద్దరిలోను ఈ హార్మోను పెరుగుతుందని వారు కనుగొన్నారు. మనుషులే పెంచిన తోడేళ్లలో మాత్రం ఈ లక్షణం కనిపించలేదు. కుక్క, తోడేలు ఒకే వంశానికి చెందినవి. కనీసం 15,000 సంవత్సరాలుగా మనిషి పక్కన బతికిన కుక్క మనిషి చూపును తన స్వభావంలో భాగం చేసుకొన్నది.

ఈ గ్రహణశక్తి కుక్కకే పరిమితం కాదు. మనిషి ముఖంలో కోపాన్ని, సంతోషాన్ని చూపే చిత్రాలను గుర్రాల ముందు ఉంచి ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంవారు 2016లో పరిశీలించారు. కోపముఖాన్ని చూసినప్పుడు గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగింది. తన లోకంలో తాను ఉంటుందని మనం భావించే పిల్లి సంగతి కూడా ఇటువంటిదే. అమెరికాలోని ఓరిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చేసిన పరిశీలనలో సుమారు 64 శాతం పిల్లి కూనలు తమను పెంచేవారి సన్నిధిలో భయం తగ్గి కుదుటపడ్డాయి. సుమంత్రుని గుర్రాలు కన్నీరు పెట్టుకొన్నాయనడం కవి కల్పన కావచ్చు. రథంపై ఉన్న మనిషి మనఃస్థితి గుర్రానికి తెలుస్తుందనడం మాత్రం కల్పన కాదు.

అయితే గ్రహించడం వేరు, ఓదార్చడం వేరు. ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. మన భావాలను జంతువులకు అంటగట్టడం మనకు అలవాటు. తప్పు చేసిన కుక్క తల దించుకొని, చెవులు వాల్చి, సిగ్గుపడినట్లు కనిపిస్తుందని చాలామంది చెబుతారు. న్యూయార్కుకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీనిని పరీక్షించింది. ఏ తప్పూ చేయని కుక్క కూడా యజమాని గద్దించగానే అదే ముఖం పెట్టింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, గద్దింపుకు ప్రతిస్పందన. కనుక కుక్క మన ఒడిలో తల పెట్టినంత మాత్రాన అది మన శోకాన్ని అర్థం చేసుకొన్నదని తొందరపడి చెప్పరాదు.

మరి లండనులోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో 2012లో జరిగిన పరిశోధన ఏమి చెప్పింది? 18 కుక్కల ఎదుట యజమానీ, ఒక అపరిచిత వ్యక్తీ వంతులవారీగా మాట్లాడారు, కూనిరాగం తీశారు, ఏడుస్తున్నట్లు నటించారు. మాటలకు, రాగానికి అంతగా స్పందించని కుక్కలు ఏడుపు వినగానే లేచి వెళ్లాయి. ఏడ్చేది అపరిచితుడైనప్పుడు కూడా అవి యజమాని దగ్గరకు పోయి దాక్కోలేదు. ఏడుస్తున్న మనిషి దగ్గరకే వెళ్లాయి. కేవలం తమ భయాన్ని తీర్చుకోవడమే వాటి ఉద్దేశమైతే తెలిసిన మనిషినే ఆశ్రయించి ఉండేవి. పరిశోధకులు దీనిని సానుభూతి అని నిర్ధారించి చెప్పలేదు. సానుభూతితో పోలిక గల ప్రవర్తన అని మాత్రమే చెప్పారు. శాస్త్రం పలికే మాట అంత మితంగానే ఉంటుంది. అయినా ఆ మితమైన మాటలో మనకు కావలసినంత అర్థం ఉన్నది.

ఇప్పుడు మళ్లీ 2001వ సంవత్సరానికి వెళదాం. ఉత్తర భవనం 78వ అంతస్తులో మైకేల్ హింగ్సన్ అనే ఉద్యోగి పనిచేసేవాడు. అతడు పుట్టుగుడ్డి. అతని మార్గదర్శక శునకం పేరు రోజెల్. పసుపు వన్నె లాబ్రడార్ జాతికి చెందినది. అంతకుముందు రాత్రి ఉరుములతో కూడిన వాన కురిసింది. రోజెల్‌కు ఉరుములంటే భయం. ఆ రాత్రి అది వణుకుతూ గడిపింది. తెల్లవారిన తరువాత కార్యాలయంలో యజమాని బల్ల కింద నిద్రపోతుండగా విమానం భవనాన్ని ఢీకొన్నది. చుట్టూ కేకలు, పొగ, విమాన ఇంధనపు వాసన. ఉరుముకు వణికిన ఆ కుక్క అప్పుడు వణకలేదు. తన కుక్క ప్రశాంతంగా ఉన్నదంటే ప్రమాదం తమ పక్కనే లేదని హింగ్సన్ అనుకొన్నాడు. దిగి వెళ్లడానికి వ్యవధి ఉన్నదని ధైర్యం తెచ్చుకొన్నాడు. ఇద్దరూ 1,463 మెట్లు దిగారు. బయటికి వచ్చిన కొద్దిసేపటికే దక్షిణ భవనం కూలింది. ఆ ధూళిమేఘంలో కూడా రోజెల్ తన పని మానలేదు.

ఆ రోజు ఇల్లు చేరిన తరువాత జరిగిన సంగతిని హింగ్సన్ అనేక సందర్భాలలో చెప్పాడు. ఒంటికి తొడిగిన తోలుపట్టీని విప్పగానే రోజెల్ పరుగెత్తుకొని పోయి, ఇంట్లో ఉన్న ముసలి మార్గదర్శక శునకంతో ఆటలాడసాగింది. ఏమీ జరగనట్లే ప్రవర్తించింది. మనిషి ఆ రోజును జీవితాంతం మోయవలసి వచ్చింది. కుక్కకు ఆ పని అక్కడితో ముగిసింది. ఇది దాని అజ్ఞానమని మనం అనవచ్చు. కాని శోకంలో ఉన్న ఇంట్లో ఒక ప్రాణి నిన్నటిలాగే ఆడుకోవడం, వేళకు అన్నం అడగడం, తలుపు తీయమని గోకడం చిన్న విషయం కాదు. దాని కోసం లేచి నిలబడిన మనిషి తన కోసం కూడా నిలబడడం నేర్చుకొంటాడు. పెంపుడు జంతువు ఇచ్చే ఓదార్పులో ఇది ఒక ముఖ్యమైన భాగం. అది మనను దుఃఖాన్ని మరచిపొమ్మనదు. సాయంకాలమైందని గుర్తు చేస్తుంది.

అదే భవనం 71వ అంతస్తులో ఒమర్ రివేరా అనే మరొక అంధ ఉద్యోగి ఉండేవాడు. అతని కుక్క పేరు సాల్టీ. మెట్లపై జనసమ్మర్దం ఎక్కువైనప్పుడు తాను బతకనేమో, కుక్కయినా బతకాలి అని తలచి అతడు దాని పట్టీని విడిచిపెట్టాడు. జనప్రవాహంలో కొట్టుకుపోయిన సాల్టీ కొద్దిసేపటికి తిరిగి అతని పక్కకు వచ్చి నిలిచింది. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. యుద్ధాలలోను, విపత్తులలోను అసాధారణ సేవ చేసిన జంతువులకు బ్రిటనులో 1943 నుండి డికిన్ పతకం ఇస్తున్నారు. 2002లో ఆ పతకం రోజెల్, సాల్టీలకు లభించింది. శిథిలాలలో పనిచేసిన గాలింపు కుక్కలన్నిటి పక్షాన అపోలో అనే పోలీసు శునకానికి కూడా అదే పతకాన్ని ప్రదానం చేశారు.

ఆ గాలింపు కుక్కల కథ మరొక విధమైనది. ప్రాణాలతో ఉన్నవారిని కనిపెట్టడానికి వాటికి శిక్షణ ఇచ్చారు. దొరికిన ప్రతిసారీ మెప్పు, ఆట బహుమానంగా ఉంటాయి. అయితే ఆ శిథిలాలలో ప్రాణాలతో ఉన్నవారు చాలా అరుదుగా దొరికారు. తొలి ఒకటి రెండు రోజుల తరువాత ఒక్కరు కూడా సజీవంగా బయటపడలేదు. వెదికి వెదికి ఫలితం కానరాక కుక్కలు నీరసించాయి. అప్పుడు వాటిని నడిపేవారు ఒక ఉపాయం చేశారు. సహాయక సిబ్బందిలో ఒకరిని దాచి ఉంచి కుక్క చేత వెదికించారు. ప్రాణమున్న మనిషి కనిపించగానే కుక్క తోక ఆడించింది. దాక్కొన్న మనిషి దానిని అక్కున చేర్చుకొన్నాడు. ఇక్కడ ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పడం కష్టం.

టెక్సాస్ నుండి వచ్చిన బ్రిటనీ అనే గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్కకు అప్పటికి రెండేళ్లు. ఆ శిథిలాలే అది పనిచేసిన మొదటి స్థలం. ఒకనాడు అది దూరంగా నేలపై కూర్చున్న అగ్నిమాపక దళ సభ్యుణ్ణి చూసింది. రమ్మని తనను నడిపే మహిళ ఎంత పిలిచినా వినలేదు. ఎన్నడూ ఆజ్ఞ మీరని కుక్క నేరుగా ఆయన దగ్గరకు వెళ్లి, పక్కనే పడుకొని ఆయన ఒడిలో తల పెట్టింది. దానికి అప్పగించిన పని మృతులనూ, క్షతగాత్రులనూ వెదకడం. తన అంతట తాను అది మరొకరిని వెదికి పట్టుకొన్నది. ఆ అగ్నిమాపక దళ సభ్యుడు శిథిలాల కింద లేడు, పైనే ఉన్నాడు. అయినా ఆయనకు కూడా ఎవరో ఒకరు కావలసి వచ్చింది. ఉద్యోగవిరమణ తరువాత బ్రిటనీ ఒక ప్రాథమిక పాఠశాలలో చదువు తడబడే పిల్లల పక్కన కూర్చొని వారి చదువు వినేది. తప్పు చదివితే నవ్వని శ్రోత అది. 2016లో పదహారేళ్ల వయస్సులో అది కన్నుమూసేనాటికి ఆనాటి గాలింపు కుక్కలలో మిగిలి ఉన్నది అదొక్కటే అని భావించారు. కడసారి దానిని తీసుకువెళుతున్నప్పుడు అగ్నిమాపక సిబ్బంది ఇరువైపులా బారులు తీరి వందనం చేశారు.

ఇవి కాక, ఓదార్పునే తమ పనిగా చేసుకొన్న కుక్కలు కూడా ఆ రోజులలో న్యూయార్కుకు వచ్చాయి. వీటిని థెరపీ డాగ్స్ అంటారు. హడ్సన్ నదీతీరంలోని 94వ నంబరు రేవు కట్టడంలో మృతుల కుటుంబాల కోసం ఒక సహాయ కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. దరఖాస్తులు నింపడానికి, గుర్తింపు వివరాలు ఇవ్వడానికి బంధువులు అక్కడ గంటల తరబడి వేచి ఉండేవారు. ఆ వరుసల మధ్య శిక్షణ పొందిన కుక్కలు స్వచ్ఛంద సేవకులతో కలిసి తిరిగేవి. తెలియని మనిషితో తన బాధ చెప్పుకోవడానికి ఇష్టపడనివారు కూడా కుక్క మెడ నిమురుతూ నోరు విప్పేవారు. జంతువు ప్రశ్నలు వేయదు. ధైర్యంగా ఉండమని హితబోధ చేయదు. నీ కంటె ఎక్కువ కష్టపడినవారు ఉన్నారని పోల్చి చెప్పదు. విన్నది మరొకరికి చేరవేయదు. మనిషి ఎంతసేపు ఏడిస్తే అంతసేపు కదలకుండా ఉంటుంది.

ఈ పద్ధతికి కొంత చరిత్ర ఉన్నది. దీర్ఘకాలం మంచాన పడిన రోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఫ్లారెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దంలోనే రాసింది. బోరిస్ లెవిన్‌సన్ అనే మనస్తత్వ నిపుణుడు అమెరికాలో పిల్లలకు చికిత్స చేసేవాడు. తనతో పెదవి కదపని పిల్లవాడు తన కుక్క జింగిల్స్‌తో కబుర్లు చెప్పడం గమనించి 1962లో ఆ విషయాన్ని ఒక వ్యాసంలో ప్రకటించాడు. 1995లో ఓక్లహోమా నగరంలో జరిగిన బాంబుదాడిలో 168 మంది మరణించినప్పుడు బాధితుల దగ్గరకు ఇటువంటి కుక్కలను తీసుకువెళ్లారు. 2012లో న్యూటౌన్ పట్టణంలోని పాఠశాలలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు తుపాకి కాల్పులకు బలియైనప్పుడు కూడా షికాగో ప్రాంతం నుండి గోల్డెన్ రిట్రీవర్లను రప్పించారు. 2001 తరువాత మహావిపత్తు జరిగిన ప్రతిచోటా వైద్యులతో పాటు ఈ మూగ సేవకులు కూడా రావడం ఆ దేశంలో సాధారణమైంది.

ఇంతవరకు జంతువు మనకు ఇచ్చేదానిని గురించి చెప్పుకొన్నాం. దానికి ప్రతిగా అది ఏమి చెల్లిస్తున్నదో తెలుసుకోకపోతే ఈ విషయం సగమే తెలిసినట్లవుతుంది. స్వీడనుకు చెందిన లింషోపింగ్ విశ్వవిద్యాలయంవారు 2019లో 58 కుక్కల వెంట్రుకలను, వాటి యజమానుల తలవెంట్రుకలను పరీక్షించారు. ఒత్తిడిని సూచించే కార్టిసాల్ అనే హార్మోను వెంట్రుకలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. యజమానిలో అది ఎక్కువగా ఉంటే కుక్కలో కూడా ఎక్కువగానే ఉన్నది. మన ఒత్తిడి వాటికి వాసనగా మాత్రమే అందదు. వాటి ఒంటిలోకి ప్రవేశిస్తుంది. కుక్క మాటిమాటికి ఆవులించడం, పెదవులు నాకడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, తోక ముడవడం అలసటకూ, కలతకూ గుర్తులు కావచ్చు. థెరపీ డాగ్స్‌ను నడిపేవారు ఈ గుర్తులను కనిపెట్టి, వాటిని పక్కకు తీసుకుపోయి, నీరు పెట్టి, ఆడనిచ్చి, నిద్రపుచ్చుతారు. ఓదార్చే ప్రాణికి కూడా ఓదార్పు కావాలన్న ఎరుక వారికి ఉంటుంది.

ఆనాడు న్యూయార్కులో దాడి జరిగిన ప్రాంతం చుట్టూ ఉన్న ఇళ్లను ఖాళీ చేయించారు. ఉదయం పనికి వెళ్లినవారు సాయంకాలం తిరిగి రాలేకపోయారు. తాళం వేసిన ఇళ్లలో పిల్లులు, కుక్కలు, పక్షులు ధూళి మధ్య చిక్కుకొన్నాయి. స్వచ్ఛంద సంస్థలు, పోలీసులు యజమానులను వెంటబెట్టుకొని వెళ్లి వాటిని బయటికి తెచ్చారు. సిరియస్ అనే పోలీసు శునకం మాత్రం దక్షిణ భవనం నేలమాళిగలోని తన గదిలోనే మరణించింది. నెలల తరువాత దాని దేహం దొరికినప్పుడు జాతీయపతాకం కప్పి గౌరవ వందనం చేశారు. 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువులను సహాయ శిబిరాలలోకి రానివ్వకపోవడంతో చాలామంది వాటిని వదలలేక మునుగుతున్న ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవంతో మరుసటి ఏడాది, 2006లో, విపత్తుల వేళ ప్రజల తరలింపు ప్రణాళికలలో పెంపుడు జంతువులకు కూడా చోటు కల్పించాలని అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. జంతువును కాపాడడం మనిషిని కాపాడడంలో భాగమేనని ఆ చట్టం ఒప్పుకొన్నది.

మన వాఙ్మయంలో ఈ సత్యం ఎప్పుడో చెప్పబడింది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట హస్తినాపురం నుండి ఒక కుక్క నడిచింది. ద్రౌపదీ, తమ్ములూ ఒక్కొక్కరే నేలకొరిగారు. ఆ దారిలో చివరివరకు మిగిలిన తోడు ఆ కుక్క ఒక్కటే. అది ఆయనకు ఏ ఉపదేశమూ చేయలేదు, పక్కన నడిచింది. దివ్యరథంలోకి కుక్కకు చోటు లేదని ఇంద్రుడు అన్నప్పుడు, నమ్మి వెంట వచ్చినదానిని విడిచి తాను స్వర్గానికి రానని ధర్మరాజు నిరాకరించాడు. తెలుగు భారతంలో తిక్కన ఈ కథను మనకు అందించాడు. దుఃఖంలో తోడు నడిచిన ప్రాణిని సుఖం ఎదురైనప్పుడు వదలరాదన్నది దాని సారం.

చివరిగా మరొక పరిశోధనను గుర్తు చేసుకొందాం. 2018లో అమెరికాలో 34 కుక్కలను పరీక్షించారు. యజమాని అద్దపు తలుపు వెనుక కూర్చొని ఏడుస్తున్నట్లు గాని, పాట కూనిరాగం తీస్తూ గాని ఉండాలి. కుక్క తలచుకొంటే తలుపు నెట్టి లోపలికి పోవచ్చు. రెండు సందర్భాలలోను దాదాపు సగం కుక్కలు తలుపు తెరిచాయి. కాని ఏడుపు విని తెరిచినవి మూడు రెట్లు త్వరగా తెరిచాయి. ఏడుపు విని కూడా తెరవని కుక్కల మాటేమిటి? అవి యజమానిని పట్టించుకోలేదని అనుకోరాదు. తెరిచినవాటి కంటె వాటిలోనే కలత ఎక్కువగా కనిపించింది. ఎదుటివారి దుఃఖం చూసి తామే చలించిపోయి, ఏమి చేయాలో తోచక అవి నిలిచిపోయాయి. సహాయం చేయడానికి దయ ఒక్కటే చాలదు, కొంత నిబ్బరం కూడా కావాలని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ విషయం మనకు కూడా వర్తిస్తుంది. తోటి విద్యార్థి తండ్రినో, తల్లినో పోగొట్టుకొని కొన్నాళ్ల తరువాత తరగతికి వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఏమి మాట్లాడాలో తెలియక తప్పుకొని పోతాం. అది నిర్దయ కాదు, నిబ్బరం లేకపోవడం. మన పల్లెలలో పరామర్శకు వెళ్లిన పెద్దలు ఎక్కువగా మాట్లాడరు. అరుగు మీద కొంతసేపు కూర్చొని, లేచి వస్తారు. ఆ కూర్చోవడమే పరామర్శ. శోకంలో ఉన్న మనిషికి కారణాలు వివరించేవారి కంటె పక్కన ఉండేవారి అవసరం ఎక్కువ. దేశం ఏమైందో తెలియని కుక్క, తన మనిషి పాదాల దగ్గర పడుకొని చేసిన పని అదే. అన్నీ తెలిసిన మనం కనీసం అంత చేయగలగాలి. మీ మిత్రుడు తరగతికి వచ్చిన రోజున అతని బల్ల మీద, అతని పక్కన కూర్చోండి.